నాలుగో తరగతిలో ప్రయోగం

వికారాబాద్‌లో రైలెక్కినప్పటి నుంచి జ్యోతిరాణి ఒళ్లోని సంచిని రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది. అందులో పాత చీర ముక్కల్లో చుట్టిన మూడు గాజు గ్లాసులున్నాయి. ప్రార్థన కాగానే మొదటి పీరియడ్. ముందు పసుపు నీళ్లు, తర్వాత సున్నం, ఆ తర్వాత నిమ్మరసం. రైలు తాండూరు చేరేలోపు ఆ పాఠాన్ని మనసులో నాలుగుసార్లు చెప్పేసింది.

ఈ పూట కోసం ఆమె తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తోంది. కెమిస్ట్రీ చదివి, బషీరాబాద్ వైపు ఓ పల్లెలోని ప్రాథమిక బడిలో చేరిన నాటి నుంచి ఎక్కాలూ గుణింతాలే ఆమె పాలయ్యాయి. ఏదో ఒక రోజు ఎవరో ఒక బిడ్డ తన మొహంలోకి చూసి "ఎందుకట్లయింది మేడం?" అని అడగాలి. అంతే ఆమె కోరిక. ఇన్నేళ్లలో పిల్లలు ఆమెను అడిగింది "ఒంటికి పోవాల్నా మేడం?" అని మాత్రమే.

హెడ్మాస్టరు వెంకటేశం నిన్ననే మెత్తబడ్డాడు. "సైన్సుకు ఒక్క పీరియడ్ తీస్కోండ్రి మేడం. మంచిగయితే వారం వారం ఇస్త. లొల్లయితే మాత్రం మళ్ల గా ముచ్చట తేవద్దు" అన్నాడు.

ఆ సంతోషంలో ఆమె క్యాలెండర్ చూడలేదు. నేరుగా నాలుగో తరగతికి వెళ్లి చెప్పేసింది. "రేపు ప్రయోగం చేద్దాం. తలా ఒక నిమ్మకాయ, ఇంత పసుపు, ఇంత సున్నం తేండ్రి. ఇంట్ల ముందే ఎవలకీ చెప్పొద్దు. సాయంత్రం మీరే చేసి చూపెట్టాలె."

తాండూరులో ఎక్కించుకోగానే ఆటో బీరన్న వెనక్కి తిరిగాడు. "మీ బడిల పిల్లలకేదో తగిలిందట గద మేడం? పొద్దుగాల నుంచి ఫోన్లే ఫోన్లు. ఇయ్యాల అమాస కూడనాయె."

ఆమె వెళ్లేసరికి బడి గేటు దగ్గర సగం ఊరుంది. ముందు వరసలో శ్రేయ నాయనమ్మ బుగ్గమ్మ. పొద్దున ఆమె తమలపాకుల సంచిలోంచి సున్నం డబ్బా తీస్తూ శ్రేయ దొరికిపోయింది. ఎందుకే అంటే, చెప్పొద్దన్నది మేడం అంది. చెవి మెలేస్తే, ప్రయోగం అంది. అమావాస్య నాడు, నిమ్మకాయతో, ఇంట్లో చెప్పకుండా ప్రయోగం! ఆ మాట పక్కింటికి చేరేసరికి బడి మీద ఎవరో చేతబడి ప్రయోగం చేయించారని అయింది. బోరింగు దాకా పోయేసరికి నాలుగో తరగతి మొత్తం నోట మాట లేకుండా పడిపోయింది. ఆ తరగతి పద్దెనిమిది మందీ అప్పటికి బడి గోడెక్కి తమాషా చూస్తున్నారు. వాళ్ల వైపు చూసే తీరిక ఎవరికీ లేదు.

"ఎవలు బిడ్డా గీ ప్రయోగం చేసింది?" అంది బుగ్గమ్మ.

"ఎవలో కాదు అవ్వా, నేనే చేస్తున్న" అంది జ్యోతిరాణి, ధైర్యం చెప్పే గొంతుతో.

జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"భయపడకుండ్రి. తొమ్మిదేండ్ల సంది చేద్దామనుకుంటున్న. ఇయ్యాలటికి కుదిరింది."

జనం ఇంకో నాలుగడుగులు వేశారు.

"జర ఊకోండ్రి మేడం!" వెంకటేశం పరుగున వచ్చాడు. ఆయన చొక్కా జేబు గుండ్రంగా ఉబ్బి ఉంది, నిమ్మకాయంత. "లొల్లి వద్దంటి గద. ఇగ సైన్సు లేదు, గీన్సు లేదు."

జ్యోతిరాణి సంచిలోంచి ఒక గ్లాసు తీసింది. "ఒక్కసారి అందరి ముంగట చేసి చూపెడ్త సార్. తర్వాత మీ ఇష్టం."

అరుగు మీద గ్లాసు పెట్టి పసుపు నీళ్లలో సున్నం కలిపింది. నీళ్లు ఎర్రబడ్డాయి.

"గవి దిష్టి నీళ్లే. మాకెర్క లేదా?" అంది బుగ్గమ్మ.

జ్యోతిరాణి నిమ్మకాయ పిండింది. ఎరుపు విరిగి నీళ్లు మళ్లీ పసుపుపచ్చగా తేలాయి. ఇది మాత్రం ఎవరూ ఎరగరు.

"ఇరిగింది! ప్రయోగం ఇరిగింది!" బుగ్గమ్మ చేతులు జోడించింది. ఆమె వెనక ఊరంతా జోడించింది. వెంకటేశం పొంగిపోయాడు. "మస్తు చేసిండ్రు మేడం. ఇగ ప్రతి అమాసకు మీకొక పీరియడ్!"

ఆమె గ్లాసు వైపు చూస్తూ నిలబడింది. ఇంతమందిలో ఎందుకని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. నీళ్లు పారబోద్దామని గ్లాసు ఎత్తబోయింది.

గోడ దూకి వచ్చిన శ్రేయ ఆమె చేతి కింద నుంచి దూరి, అదే గ్లాసులో ఇంత సున్నం వేసింది. నీళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి.

"ఓయమ్మో, మళ్లొచ్చిందే!" బుగ్గమ్మ మొత్తుకుంది.

శ్రేయ జ్యోతిరాణి మొహంలోకి చూసింది. "ఇరిగినంక మళ్లెందుకొచ్చింది మేడం?"

జ్యోతిరాణి నిమ్మచెక్క పిల్ల చేతిలో పెట్టి, "ఎందుకో నువ్వే చూడు. పిండు" అంది.

గోడ మీద ఇంకెవరూ మిగల్లేదు. "ఇంకింత పోస్తే ఏమయితది?" "చింతపులుసు పోస్తెనో?" "సబ్బునీళ్లు?" మూడు గ్లాసులు చాలక భోజనం గిన్నెలు వచ్చాయి. బుగ్గమ్మ "నాకియ్యుండ్రే, నేను పిండుత" అని పిల్లల మధ్య చతికిలబడింది. వెంకటేశం జేబులోని నిమ్మకాయ బయటికి తీసి, "జర జరుగుండ్రి, నాకు కనబడ్తలేదు" అంటూ మోచేతులతో దారి చేసుకున్నాడు.

మరుసటి వారం టైంటేబుల్‌లో నాలుగో తరగతికి ప్రతి మంగళవారం సైన్సు పడింది. దాని కింద హెడ్మాస్టరు ఎర్ర సిరాతో రాసి పెట్టాడు: పెద్దలకు ప్రవేశం లేదు.