రేవులో పెట్టిన ఓడ

ఆ ఉదయం ఆమె పెట్టుకున్న పని ఒక్కటే. మనవరాలు కాలేజీ నుంచి వచ్చేలోగా కంప్యూటర్ బల్ల తుడవాలి. ఎనిమిది నెలలుగా ఆ కంప్యూటర్‌ను ఎవరూ ఆపలేదు, ఎవరినీ ఆమె ముట్టుకోనివ్వలేదు. తెర మీద ఒక అంతరిక్ష ఓడ రేవులో ఆగి ఉంటుంది. టీవీలో నాలుగేళ్లు నడిచిన ధారావాహికను కంప్యూటర్ ఆటగా చేస్తే, గడియారాలు బాగుచేసే ఆమె భర్త పని మానుకున్నాక ఆ ఆటలో పడ్డాడు. ఆసుపత్రికి బయల్దేరిన రోజు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "ఓడని రేవులో పెట్టాను, కదపకు. పరీక్షలు చేయించుకుని వచ్చేస్తా" అన్నాడు. మడతపెడుతున్న దుప్పటి మీంచి తలెత్తకుండానే ఆమె ఊ కొట్టింది. ఆయన తిరిగి రాలేదు. ఓడ మాత్రం కదల్లేదు.

రోజూ పొడి గుడ్డతో, ఊపిరి బిగబట్టి, మీటల చుట్టూ మాత్రమే తుడిచేది. ఆ రోజు మీటల మీద ఏదో మరక కనిపించింది. గుడ్డ తడిపి రెండుసార్లు గట్టిగా రుద్దింది. తెర మీద అక్షరాలేవో మెరిసి మాయమయ్యాయి. వంటింట్లోంచి కళ్లజోడు తెచ్చుకునేసరికి రేవు వెనక్కి జరిగిపోతోంది.

మనవరాలికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పరీక్ష రాస్తోందని అప్పుడు గుర్తొచ్చింది. గోడ మీంచి పక్కింటి రిటైరైన కండక్టరును కేకేసింది. ఆయన ఆ ధారావాహికను ఒక్క భాగం కూడా వదలకుండా చూసినవాడు. ఆట మాత్రం ఎన్నడూ ఆడలేదు. ఆ తేడా ఆ గాభరాలో ఇద్దరికీ తట్టలేదు.

కండక్టరు కూర్చుంటూనే సిబ్బంది పట్టిక తెరిచాడు. అందులో మనుషులకు పేర్లు ఆడేవాళ్లే పెట్టుకోవచ్చట. ఆమె భర్త ఇంటివాళ్లందరినీ ఎక్కించేశాడు. ఆయన అక్కగారు ఫిరంగుల దగ్గర ఉంది. మనవరాలు దారి చూపించే చోట ఉంది. బావమరిదికి, అంటే ఆమె తమ్ముడికి, మరుగుదొడ్లు కడిగే పని పడింది. కండక్టరు తన పేరు తలుపు పక్కన చూసుకుని, "ఇక్కడ కూడా ఫుట్‌బోర్డేనా బావగారూ" అని నిట్టూర్చాడు.

ఆమె పట్టికను పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. తన పేరు లేదు. పెళ్లయిన వారానికే ఆయన ఆమెకు 'గాభరా' అని పేరు పెట్టి, నలభై ఆరేళ్లూ అలాగే పిలిచాడు. ఆ పేరూ లేదు.

"మర్చిపోయి ఉంటారు చెల్లెమ్మా" అన్నాడు కండక్టరు, ఓదార్చుదామని. అది మరీ గుచ్చుకుంది.

ఈలోగా ఓడ ఊగసాగింది. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఊగే బండికి కండక్టరుకు తెలిసిన మందు ఒక్కటే. "వెనకవాళ్లంతా ముందుకు జరగాలి" అంటూ ఒక్కొక్కరినీ ముందు గదిలోకి తోలాడు. ఆ గదిలో గాలి ఇద్దరికే సరిపోతుందన్న సంగతి ఎర్ర దీపం వెలిగాక తెలిసింది. పదకొండో భాగంలో కెప్టెన్ ఇలాంటప్పుడే తలుపు తీయించాడని ఆయనకు గుర్తొచ్చింది.

"తలుపు నా డ్యూటీయే" అని తీశాడు.

ఆడపడుచు ముందు వెళ్లింది. వెనకే మనవరాలు, ఆ వెనక మిగతావాళ్లు, చివర కండక్టరు. తను నక్షత్రాల్లోకి తేలిపోవడం తనే చూస్తూ, "పదకొండో భాగంలో ఓడ నేల మీద ఉంది చెల్లెమ్మా" అన్నాడు నెమ్మదిగా. తర్వాత పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని చెప్పి ఇంటికి వెళ్లిపోయాడు.

అంత పెద్ద ఓడలో తమ్ముడొక్కడే మిగిలాడు. వెనకాల మరుగుదొడ్లు కడుగుతూ ఎవరి పిలుపూ వినిపించుకోలేదు. చిన్నప్పటి నుంచీ వాడంతే.

కంప్యూటర్ పక్కన రెండో కుర్చీ ఒకటి ఉంది. "నీకోసమే వేశాను, ఒక్క పావుగంట కూర్చో" అని ఆయన రోజూ అడిగేవాడు. ఇవి మడతపెట్టి వస్తానని ఆమె ఆ మడతలన్నీ ఆ కుర్చీలోనే పేర్చేది. ఇప్పుడు ఆ బట్టలు తీసి నేల మీద పెట్టి మొదటిసారి అందులో కూర్చుంది. కదపకు అన్నాడు. ఆ ఒక్క మాటా నిలబెట్టలేకపోయింది. మధ్యాహ్నమంతా తమ్ముడు నేల తుడుస్తుంటే చూస్తూ ఉండిపోయింది.

మనవరాలు వచ్చి విషయమంతా విని, నవ్వు ఆపుకుని, ఒక మీట నొక్కింది. "రేవులో పెట్టడమంటే ఆటను అక్కడికి సేవ్ చేసి దాచడమే అమ్మమ్మా. తాతయ్య దాచింది దాచినట్టే ఉంటుంది. ఎప్పుడడిగినా చెప్పేదాన్ని కదా."

చీకట్లోంచి దీపాలు దగ్గరయ్యాయి. ఓడ రేవులో ఆగింది. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఉన్నారు. తెర మీద మళ్లీ అక్షరాలు మెరిశాయి. ఈసారి కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

'గాభరా రేవుకు స్వాగతం. ఈ ఓడ ఇక్కడికి చేరడం నాలుగు వందల పన్నెండోసారి.'

"రేవులు చాలా ఉన్నాయమ్మమ్మా. ఎక్కడైనా ఆపుకోవచ్చు" అంది మనవరాలు. "తాతయ్య మాత్రం ఎంత దూరం వెళ్లినా ఇక్కడికే వచ్చేవాడు."

ఆమె ఆ అక్షరాలు మళ్లీ చదివింది. నాలుగు వందల పన్నెండుసార్లు ఆయన వచ్చాడు. ప్రతిసారీ తను ఆయన వెనక, రెండు మూరల దూరంలో, ఏదో ఒకటి మడతపెడుతూనే ఉంది.

"నిన్నూ ఓడ ఎక్కించనా?"

"వద్దులే. రేవులో ఒకరుండాలిగా."

పనులు మార్చడం ఎలాగో మనవరాలి దగ్గర నేర్చుకుంది. కండక్టరుకు లోపల కిటికీ పక్కన సీటు ఇచ్చింది. ఆడపడుచును ఫిరంగులకు కాస్త దూరం జరిపింది. తమ్ముడిని మాత్రం ఆయన పెట్టిన పనిలోనే ఉంచింది.