ముప్పై ఒకటో పెట్టె మహాసంగ్రామం

సకల ధూళిధూసరితంబై, మూషికదంత క్షతపత్ర సంకులంబై, కిర్రుకిర్రుమను సీలింగు ఫ్యాను ఘోషభీకరంబై వెలయు పాత కాగితాల కార్యాలయంబున, ఒకానొక సోమవారము, భోజనానంతర కునుకుపాటు సమయంబున ముగిసిన ఘోరయుద్ధమును చెప్పెదను. దయచేసి ఆవులింపక ఆలకింపుడు.

అట్టపెట్టెల కధిపతి, చీటీ లంటించుటలో అసహాయశూరుడునగు జాబితాకర్త, మూతపడిన ఒక కంపెనీ ఉత్తరాల పెట్టెల వివరములన్నియు వికీలో ప్రచురించి, "రండు! ఎరిగినవారెల్లరు వచ్చి దిద్దుడు! ఈ జ్ఞానము ప్రజలదే!" యని సింహనాద మొనర్చెను. ఎవరును రారని ఆయనకు గట్టి నమ్మకము.

ఖర్మ కాలి ఒకరు వచ్చిరి. ముప్పై ఒకటో పెట్టె వివరమున మన వీరుడు "ప్రతి ఉత్తరము అడుగున రెండక్షరములు గలవు, కాగితపు మిల్లు గుర్తు కాబోలు" అని వ్రాసియుండగా, 'పాత టైపిస్టు' అను మారుపేరు గల వైరి దానిని కొట్టివేసి, "మిల్లూ లేదు, గిల్లూ లేదు. అవి నా అక్షరాలు. టైపు చేసింది నేను" అని వ్రాసెను. ప్రజలదే యన్న ఆ నోటితోనే వీరుడు "ఆధారమేదీ?" యని గర్జించి చెరిపెను. వైరి మరల వ్రాసెను. వీరుడు మరల చెరిపెను. ఇట్లు పదకొండు దినములు ఆయన బల్లపై టీ తాగువారు లేక చల్లారినది.

పన్నెండవనాడు, ఆ సోమవారము, తలుపు తోసికొని, చేతిసంచితో వైరి స్వయముగా ప్రవేశించెను. చూడగా, వీరుని సొంత మేనత్త!

"ఒరేయ్, రోజూ నా మాట చెరిపేస్తున్న మహానుభావుడివి నువ్వేనా?"

"అత్తా, నువ్వా! అయినా ఆధారం కావాలి కదా. రూలు రూలే."

"రూలట రూలు! ఎవరు టైపు చేస్తే వాళ్ళ ఇంటిపేరుదో అక్షరం, పేరుదో అక్షరం అడుగున కొట్టాలని మా మేనేజరు రూలు. తప్పు దొర్లితే ఎవర్ని తిట్టాలో తెలియాలిగా! ఇరవై ఆరేళ్ళు కొట్టాను. సంతకం ఆయనది, తిట్లు నావి. నేనూ అక్కడ ఉన్నానని ఒక్క ముక్క ఉండాలిరా, అంతే."

అత్త 'ఆఫీసుకు' పోవునని ఎరిగియు, ఏ ఆఫీసో అడిగిన పాపాన పోని ఆ మేనల్లుడు పెట్టె తెరిచి, ఒక ఉత్తరము చేతబట్టి, "ఓస్, ఇంతేనా! ఈ అక్షరాలు నీ పేరుతో సరిపోతే సరి" అనెను.

"చూడు మరి. సరిపోయాయా?"

వీరుడు చూచెను. చూచుచునే యుండెను. నలుబది యేండ్లుగా అత్తా యని పిలిచి, అత్త చేతి ముద్దలు తిని, వేలకొలది పెట్టెలకు పేర్లు పెట్టిన ఆ మహామేధావికి, అత్త పేరేమిటో తెలియదు.

"తెలీదు కదూ?" అని అత్త నవ్వబోయి, నవ్వలేకపోయెను.

సిగ్గుతో ఆయన చెవులు ఎఱ్ఱబడెను. లేచి, తన కుర్చీ ఆమె కిచ్చి, కీబోర్డు ముందుకు జరిపి, "నువ్వే కొట్టత్తా" అనెను. ఆమె అక్షరముల వంక కన్నెత్తి చూడకయే, పది వ్రేళ్ళతో టకటకా కొట్టెను: "టైపు చేసినవారు". ఆపై ఇంటిపేరుతో సహా తన నిండు పేరు.

జయము! జయము! పన్నెండు దినముల మహాసంగ్రామంబున ఒక పెట్టెలో ఒక పంక్తి జయింపబడెను. దిగంతములు దద్దరిల్లినవో లేదో గాని, ఆ పుట చూచినవారు నేటికి ఇద్దరే. అందొకడు ఆ పేరును నోటికి వచ్చువరకు చదివెను.