కట్టమ్మ కారు మీద క్లెయిమ్ ఎవలు జేసిన్రు?

"తిరుపతీ, రాసిపెట్టుకో! ఈ భూమ్మీద నేరం చేసినోడు రెండు జాగలల్ల తప్పించుకోలేడు. ఒకటి యముని కాడ, రెండోది గీ యుగేందర్ కాడ!"

నా సెంటర్ల ఉన్న రెండో కుర్చీ ఎక్కి నిలబడి మావోడు చేసిన ప్రకటన ఇది. ఆ కుర్చీకి ఒక కాలు వదులు. గది నాకెరుక, ఆనికి ఎరుక లేదు. ప్రకటన అయిపోంగనే కుర్చీ, యుగేందర్, నా జిరాక్స్ కాయితాల కట్ట మూడూ కిందవడ్డయి.

"చూసినవా? నన్ను చంపనీకె ఎవడో కుర్చీ కాలు ఊడబీకిండు," అన్నడు కిందికెల్లే.

నేను చిట్యాలల జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుత. యుగేందర్ నా చిన్నప్పటి దోస్తు. మొన్నటిదాక ఎరువుల దుకాణంల పనిచేసెటోడు. ఓపారి మా వాడకట్టుల తప్పిపోయిన మేకపోతును దొరకబట్టిండు. దొరకబట్టుడంటే ఏం లేదు, వీడు అరుగు మీద పండుకుంటే అదే వచ్చి వీని చెప్పు నమిలింది. అప్పటిసంది 'అంతర్జాతీయ అపరాధ పరిశోధకుడు, పాత బస్టాండు ఎదురుంగ' అని కార్డులు గొట్టిచ్చుకొని తిరుగుతున్నడు. వాని ఖర్మ అనుకుందామంటే, ఎప్పుడూ పక్కకు నన్నే గుంజుకపోతడు.

ఆ పొద్దు వీరయ్య మామ కారు దిగి లోపలికొచ్చిండు. బొగ్గుబాయిల పనిచేసి రిటైరయిన మనిషి. ఆరేండ్ల కింద వచ్చిన పైసలతోటి తెల్ల కారు కొన్నడు. ఎనుక సీట్ల ఆయన భార్య కట్టమ్మత్త కూసోని ఉన్నది. ఆమెకు రెండేండ్ల సంది కిడ్నీలు పనిచేస్తలేవు. వారానికి రెండుసార్లు హన్మకొండ దవాఖానకు తీస్కపోయి రక్తం శుద్ధి చేయించాలె.

"తిరుపతీ, ఇయ్యాల రాత్రి పన్నెండుకు కారు ఇన్సూరెన్స్ ఖతం. ఎల్లుండి దవాఖాన వారం. జర ఆన్‌లైన్‌ల చౌకది చూసి కట్టు," అన్నడు మామ.

"ఏజెంటు చందూలాలన్న కాడ కడ్తవు కద మామా?"

"వాని పేరెత్తకు. పోయినేడు పాలసీల గీ కవరు, గా కవరు అని ఏందేందో అంటగట్టిండు. ఈయేడు నోటీసు గూడ పంపలే."

ఆర్సీ చూసిన. బండి కట్టమ్మత్త పేరు మీదున్నది. మా మామ ఏం కొన్నా ఆమె పేరు మీదనే కొంటడు. నంబరు కొట్టిన. 'పోయినేడు క్లెయిమ్ చేసిన్రా?' అని వెబ్‌సైట్ అడిగింది.

"చెయ్యలే," అన్నడు మామ. "ఆరేండ్లల్ల గీత గూడ పడనియ్యలే."

నేను 'లేదు' అని నొక్కిన. తెర మీద ఎర్రగ వచ్చింది. 'ఒక క్లెయిమ్ ఉన్నది. తగ్గింపు సున్నా.'

మామ మొఖం తెల్లబోయింది. నేను ఉన్నమాట చెప్పిన. "మామా, ఏండ్లకేండ్లు క్లెయిమ్ చెయ్యకుంటే, మన బండికి కట్టే పైసలల్ల సగం దాక తగ్గిస్తరు. ఒక్కటి చేసినమా, ఆ తగ్గింపు మొత్తం పోతది. పోయినేడు పదివేలు కట్టినవు. ఇప్పుడు పదిహేడు అంటుంది."

"పదిహేడా! నా పింఛను ఆమె మందులకే చాల్తలేదు. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టు ఇగ."

"థర్డ్ పార్టీ అంటే మన బండి ఎవలికన్న తాకితే వాళ్లకు ఇస్తరు మామా. మన బండి పచ్చడైతే మనకు రూపాయి రాదు."

మామ తల పట్టుకున్నడు. "హన్మకొండ తొవ్వంత బొగ్గు లారీలు, ఇసుక లారీలు. ఒక్కటి తాకిందంటే మల్ల బండి ఏడికెల్లి తేవాలె? బండి లేకుంటే నా ముసల్ది దవాఖానకు ఎట్ల పోతది? వచ్చేటప్పుడు నిలబడ చాతగాదు, బస్సెట్ల ఎక్కుతది?"

నాకు పాణం చివుక్కుమన్నది. గప్పుడే కింద నుంచి లేసిండు యుగేందర్. నల్లద్దాలు పెట్టుకున్నడు.

"మామా, పరేషాన్ గాకు. నాకు సగం కేసు అర్థమైంది. ఆ థర్డ్ పార్టీ గాడు ఏ ఊరోడు?"

"థర్డ్ పార్టీ అంటే మనిషి గాదురా," అన్న.

"ప్రతి నేరస్తుడు మొదట్ల గట్లనే అనిపిస్తడు తిరుపతీ! ఎవడో నీ పేరు మీద క్లెయిమ్ చేసి పైసలు మింగిండు మామా. ఇది మామూలు ముఠా గాదు. సాయంత్రం నాలుగింటికల్లా నేరస్తున్ని నీ గడపల నిలబెడ్త!"

"నాలుగింటికి తేలకుంటే చందూలాల్ మీద ఠాణాల కంప్లెయింట్ ఇస్త," అన్నడు మామ. కారుల ఉన్న కట్టమ్మత్త కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది.

మామను, అత్తను ఇంటికాడ దించి, మొదలు కారుని విక్రమ్ షెడ్డుకు తీస్కపోయినం. విక్రమ్ మా ఊరి మెకానిక్. ఆ కారుకు పుట్టినప్పటిసంది ఆయనే డాక్టరు. మమ్మల్ని చూసి పానా కిందవడేసిండు.

"విక్రమన్నా, గీ కారు మీద క్లెయిమ్ చేసిన్రట. నీకేమన్న ఎరుకనా?" అని అడిగిన.

"నాకేం ఎరుక? నాకు పనున్నది," అని షెడ్డుల ఉన్న ఇంకో కారు కిందికి దూరిండు. ఆ కారుకు రిపేరే లేదు. అది ఎవలిదో గూడ ఎరుకలేని కారు.

"అమాయకుడు," అని తేల్చిండు యుగేందర్. "నేరస్తుడైతే పారిపోతడు. ఈయన చూడు, దగ్గర్నే దాక్కున్నడు."

నేను మామ కారు అద్దాలు చూసిన. ఎనుక అద్దం మీది గట్టమ్మ తల్లి స్టిక్కరు ఎండకు ఎలిసిపోయి తెల్లగైంది. ముందటిది నిగనిగ మెరుస్తుంది.

"యుగేందర్, గిది చూడు. ముందటి స్టిక్కరు కొత్తది. అద్దం గూడ కొత్తగనే..."

వాడు ఆ అద్దంల చూసుకుంట మీసం దువ్వుకుంటున్నడు. "అవును, మస్తు క్లియర్ ఉన్నది," అన్నడు.

కారు మామకు అప్పజెప్పి, నా మోటర్‌సైకిల్ మీద ఘనపూర్ పోయినం. చందూలాలన్న ఇల్లు ఊరి పక్క తండాల ఉంటది. ఇన్సూరెన్స్ ఏజెంటు. యుగేందర్ మారువేషం వేసిండు. మే నెల ఎండల మంకీ టోపీ, మఫ్లరు. హైదరాబాద్ సేటు లెక్క మాట్లాడుతడట.

"నమస్తే భాయ్. మాకు పన్నెండు లారీలు ఉన్నయి," అన్నడు గొంతు మార్చి.

"రా యుగేందర్, కూసో. గా టోపీ తీసెయ్యి, వడదెబ్బ తాకుతది," అన్నడు చందూలాలన్న. లోపలికి చూసి వాళ్ల భాషల ఏదో చెప్పిండు. ఆయన భార్య తారక్క చెంబుతోటి మజ్జిగ తెచ్చింది. యుగేందర్ మారువేషంలనే మూడు గిలాసలు తాగిండు.

నేనే సంగతి చెప్పిన. చందూలాలన్న మొఖం మాడిపోయింది.

"క్లెయిమ్ అయింది నిజమే తమ్మీ. బండి ఓనరే ఫోన్ చేసిన్రు, ఓనరే సంతకం పెట్టిన్రు. అంతకంటె ఎక్కువ నేను చెప్పొద్దు. మాటిచ్చిన."

"అబద్ధం!" అని లేసిండు యుగేందర్. "ఓనరు వీరయ్య మామ. నేను చెయ్యలే అని ఆయనే అంటుండు. అంటే మింగినోడివి నువ్వే!"

"అరేయ్, ఆర్సీ మీద..." అని నేను నోరు తెరిచిన.

"తిరుపతీ! గొప్ప బుర్ర పనిచేసేటప్పుడు చిన్న బుర్ర చప్పుడు చెయ్యొద్దు."

నాకు మస్తు కోపమొచ్చింది. నోరు మూసుకున్న, ఏమన్నా కానీ అని. చందూలాలన్న చెప్పులేసుకున్నడు. "పదండి, నేనే వస్త. ఇరవై ఏండ్ల సంది తండాలల్ల, ఊర్లల్ల తిరిగి సంపాదించుకున్న పేరు ఇది. దొంగనంటే ఎట్ల పడ్త?" అన్నడు.

నాలుగింటికి వీరయ్య మామ ఇంటి ముందట అందరం జమైనం. కారు నడుమల పెట్టిన్రు. ఒక పక్క చందూలాలన్న, ఇంకో పక్క విక్రమ్. అరుగు మీద కట్టమ్మత్త. మామ కంప్లెయింటు కాయితం రాసుకొని జేబుల పెట్టుకున్నడు. యుగేందర్ దుకాణంల కొబ్బరికాయ ఒకటి కొనుక్కొచ్చిండు.

"దేశంల ఏ పోలీసుకూ లేని యంత్రం నా కాడున్నది," అన్నడు కాయ పైకెత్తి. "గట్టమ్మ తల్లి పేరు మీద గీ కాయ పట్టుకొని, బండి చుట్టూ మూడుసార్లు తిరిగి ప్రమాణం చెయ్యాలె. అబద్ధమాడినోని చెయ్యి వణుకుతది. ముందుగాల నేను చేసి చూపిస్త."

మా దిక్కు మేడారం పోయినా, కొత్త బండి కొన్నా, గట్టమ్మ తల్లి కాడ బండి ఆపి కొబ్బరికాయ కొట్టంది ముందుకు పోరు. గందుకే కాయ చూడంగనే అందరు చెప్పులిడిసి నిలబడ్డరు. యుగేందర్ తలకు పొద్దున్నే పావుసీస నూనె రాసుకున్నడు. మీసం దువ్వి దువ్వి చేతులు గూడ నూనె నూనె ఉన్నయి. కాయను పైకెత్తి తిప్పుకుంట నడిచిండు. ఒక చుట్టు. రెండు చుట్లు. మూడో చుట్టుల కారు ముందటికి వచ్చి, "నేను అబద్ధమాడితే..." అని చెయ్యి గట్టిగ ఊపిండు.

కాయ జారింది. ఫట్ మన్నది. కాయ పగలలే. కారు అద్దం పగిలింది.

అరుగు మీదికెల్లి ఒక్క కేక.

"అయ్యో గట్టమ్మ తల్లీ! మల్లనా!"

మామ మెల్లగ తిరిగిండు. "మల్లనా? మల్ల అంటే ఏందే?"

కట్టమ్మత్త రెండు చేతులతోటి మూతి మూసుకున్నది. ఇగ దాగలే. భోరుమని ఏడ్చింది.

"నువ్వు పోయిన శ్రావణంల మానుకోట పెండ్లికి పోయినవు సూడు. బండికి పూజ చేయిద్దామని విక్రమ్‌ను తీస్కొని గట్టమ్మ కాడికి పోయిన. కొబ్బరికాయతోటి దిష్టి తీస్తుంటె మూడో చుట్టుకు చెయ్యి జారింది. గిట్లనే పగిలింది. చందూలాల్‌కు ఫోన్ చేసిన. బండి నా పేరు మీదనే ఉన్నది కద, సంతకం నేనే పెట్టిన. నువ్వు వచ్చేసరికి కొత్త అద్దం వేయించినం. ఎవలికీ చెప్పొద్దని వీళ్లిద్దరితోటి ఒట్టు వేయించుకున్న."

"నాకెందుకు చెప్పలే?"

"అమ్మవారి కాయ బండికి తాకింది, అపశకునమంటవు. బండి అమ్ముతవు. అమ్మితే నేను దవాఖానకు ఎట్ల పోత?" అన్నది.

వీరయ్య మామ పోయి అరుగు మీద ఆమె పక్కన కూసున్నడు.

"ఓసి పిచ్చిదానా," అన్నడు. "నేను బండి కొన్నదే నీ కోసం. నువ్వు లేంది నాకు బండెందుకు, శకునమెందుకు?"

జేబుల ఉన్న కంప్లెయింటు కాయితం చింపేసి, లేసి చందూలాలన్న చెయ్యి పట్టుకున్నడు. "తప్పయింది తమ్మీ. దొంగవనుకున్న." మామ కండ్లల్ల నీళ్లు చూసి నాకూ ఏడుపొచ్చింది.

"సరే మామా," అన్నడు చందూలాలన్న కండ్లు తుడుసుకొని. "గని నేను పంపిన నోటీసు చూసినంక గూడ పదిహేడు వేలని ఎందుకు పరేషానైనవు?"

"నోటీసు రాలే కద!"

మల్ల అందరం అరుగు దిక్కు చూసినం. "నా ఫోన్‌కు వచ్చింది," అన్నది కట్టమ్మత్త చిన్నగ. "అండ్ల క్లెయిమ్ అని ఉన్నది. ఈయన చూస్తడని తీసేసిన."

చందూలాలన్న నెత్తి కొట్టుకున్నడు. "అత్తా! ఆ నోటీసుల తగ్గింపు గట్లనే ఉన్నది. మామా, పోయినేడు నేను అంటగట్టిన్నని తిట్టినవు సూడు, ఆ కవర్లల్ల ఒకటి ఈ తగ్గింపును కాపాడెటిది. ఏడాదిల ఒక క్లెయిమ్ చేసినా తగ్గింపు పోదు. కాకపోతె మా కంపెనీల్నే కట్టాలె. వేరే కంపెనీకి పోతె వాళ్లు సున్నా చేస్తరు."

గా సున్నానే నా తెర మీద వచ్చింది. నేను గప్పుడు చూసింది వేరే కంపెనీల రేట్లు.

అక్కడ్నే నా ఫోన్ల కట్టుడు మొదలువెట్టినం. చందూలాలన్న ఒక్కొక్కటి అడిగిండు. "ఓనరు బండి నడుపుతుంటె ప్రమాదమైతే ఇచ్చెటిది ఉన్నది. అత్తకు లైసెన్సే లేదు. తీసెయ్యి. తాళంచెవి పోతె ఇచ్చెటిది?"

మామ అంగీ ఎత్తి చూపెట్టిండు. తాళంచెవి మొలతాడుకు కట్టి ఉన్నది. "ఏడికి పోతది?"

"తీసెయ్యి. దెబ్బ తాకితె మొదటి రెండున్నర వేలు మనమే పెట్టుకుంటమంటే ఇంకింత తగ్గుతది. గని మన బండికి వచ్చే నష్టం కవరు మాత్రం తియ్యొద్దు. తగ్గింపు కాపాడెటిది గూడ ఉండనియ్యి."

తొమ్మిదివేల చిల్లరకు వచ్చింది. పోయినేటి కంటె తక్కువ! మామ మొఖం వెలిగిపోయింది.

"కేసు ఖతం!" అని చేతులు దులుపుకున్నడు యుగేందర్. "అంత నా ప్లాను ప్రకారమే అయింది. కాయ నేను కావాల్నని జారిచ్చిన. దీన్నే ఘటన పునర్నిర్మాణం అంటరు."

"బాగనే ఉన్నది గని," అన్నడు విక్రమ్, "గీ పగిలిన అద్దం సంగతేంది? దీనికి గూడ క్లెయిమ్ చేద్దామా?"

"చెయ్యొద్దు," అన్నడు చందూలాలన్న. "మాఫీ ఏడాదికి ఒక్కటే. రెండోది చేస్తె ఇయ్యాల మిగిల్చిందంత పోతది. చిన్న చిన్న వాటికి జేబుల నుంచి పెట్టుకునుడే మంచిది."

"ఎవల జేబుల నుంచి?" అని అడిగిండు మామ.

అందరం యుగేందర్ దిక్కు చూసినం. వాడు అప్పటికే మంకీ టోపీ పెట్టుకొని గల్లీ మలుపు కాడికి పోయిండు. నేరస్తుడైతే పారిపోతడని పొద్దున వాడే చెప్పిండు. ఉరికి పట్టుకున్నం.

కూలరు కొందామని దాసుకున్న పైసలు ఇచ్చిండు పాపం. తెల్లారి విక్రమ్ హన్మకొండ పోయి అద్దం తెచ్చి వేసిండు.

దవాఖాన వారం పొద్దున నేను, యుగేందర్ సెంటర్ ముందట చాయ్ తాగుతుంటె తెల్ల కారు వచ్చి ఆగింది. మామ నడుపుతున్నడు. ఈసారి కట్టమ్మత్త ముందు సీట్ల కూసున్నది. అద్దం దించి నవ్వింది.

"యుగేందరూ, వచ్చే శుక్రవారం గట్టమ్మ కాడికి పోతున్నం. వస్తవా? కాయ నువ్వే కొడుదువు."

యుగేందర్ చాయ్ గిలాస పట్టుకొని రెండడుగులు ఎనుకకు జరిగిండు.

"వద్దత్తా," అన్నడు. "నాకు కవరేజీ లేదు."