కథలాపూర్‌కు పడవ

తెల్లవారేసరికి కోరుట్ల మీద మబ్బు దట్టంగా పట్టి ఉంది. కాసేపు నిలబడి, ఇక్కడ తనకేం పని లేదన్నట్టు సిరిసిల్ల వైపు వెళ్లిపోయింది. ఆ వానాకాలమంతా దాని వరస అదే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. జావేద్ తన కంప్యూటర్ సెంటర్ షట్టరు మద్దతుగా సగం దించాడు. మిగతా సగం కింది నుంచి, అక్కడ టైపు చేసే స్వప్న వంగి లోపలికి వచ్చింది. వెనకే ఆమె తండ్రి సామేలు. ఆ పూట పని చిన్నదే. మండలాల వాన లెక్కలు ఒక ఫైల్లోకి ఎక్కించి హైదరాబాద్‌ ఆఫీసుకు పంపాలి. అడ్డంగా ఊళ్లు, నిలువుగా రోజులు, ప్రతి గడిలో ఒక అంకె.

కథలాపూర్ గడులు కొన్ని ఖాళీగా ఉన్నాయి. అక్కడ వాన కొలిచేది సామేలే. టెంపరరీ ఉద్యోగి, సమ్మెలో ఉన్నాడు. ఖాళీ గడి తగిలినప్పుడల్లా ప్రోగ్రాం ఎర్ర అక్షరాలు చూపించి మొండికేస్తోంది.

ఆ లెక్కలు చూసే హైదరాబాద్ ఆఫీసు సారు ఫోన్లో తేల్చేశాడు. "సున్నాలు పెట్టేయండి. ఖాళీ కనబడిందా, ఆ మనిషిని తీసేస్తాను."

సామేలు ఒప్పుకోలేదు. "సున్న అంటే నేను పొయ్యి చూసిన, వాన పడలే అన్నట్టు. నేను పోనే పోలే. సమ్మెల ఉన్నోన్ని డ్యూటీల చూపెడ్తవా బిడ్డా? రేపు శిబిరంల ఏ మొఖంతోని కూసోవాలె?"

"నౌకరి పోతది బాపూ."

"పోనియ్యి. సున్న మాత్రం పడొద్దు."

"కాకా, నువ్వు సమ్మె జేస్తే మా పానం పోతున్నది" అని జావేద్ తల పట్టుకున్నాడు. "స్వప్నా, గా రోజుల వరుసలే పీకెయ్."

పీకేసింది. కింది వరుసలన్నీ పైకి జరిగి, గంభీరావుపేటలో నిన్న పడ్డ వాన పోయిన వారమే పడిపోయింది. మళ్లీ అతికించింది.

చివరికి జావేద్‌కు ఉపాయం తట్టింది. "ఎక్కడా పడని వాన రాద్దాం. 9999. ఫైలు నెత్తిన, గీ అంకె ఉంటే కొలవలేదని ఒక ముక్క పెడదాం."

"గది మంచిగున్నది" అన్నాడు సామేలు.

అంకెలు ఎక్కాయి. నెత్తిన ముక్క రాయబోతుండగా కరెంటు పోయింది. వచ్చాక జావేద్ తెర మీదికి వంగి చూశాడు. "అన్ని గడులు నిండినయ్. మల్ల పోకముందే కొట్టేస్త" అని పంపేశాడు. ముక్క సంగతి ఎవరికీ గుర్తు లేదు.

హైదరాబాద్‌లో కంప్యూటరు ఆ అంకెలను మిల్లీమీటర్లుగా తీసుకుంది. రోజుకు పది మీటర్ల వాన. చూసి నవ్వాల్సిన గుమాస్తాలు సమ్మెలో ఉన్నారు. లెక్క దానంతటదే పైకి పోయింది, పై నుంచి ఆర్డరు కిందికి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం లారీ మీద పడవ వేసుకుని, ముందు జీపులో సారే బయలుదేరి వచ్చాడు. కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. నడి రోడ్డున పొయ్యిలు, గుండిగలు, చుట్టూ జనం.

"దారివ్వండి! కథలాపూర్ మునిగిపోయింది!"

సామేలు గరిటె పట్టుకుని లేచాడు. "నేను ఇప్పుడే ఆడికెల్లి అచ్చిన సారూ. కాళ్లు సూడుర్రి." మోకాళ్ల దాకా దుమ్ము.

"మరి ఆ పది మీటర్లు?"

"గది వాన కాదు సార్" అంది స్వప్న. "మా బాపు సమ్మె."

జనం గొల్లుమన్నారు. "సున్నా పెట్టమన్నానుగా!" అని సారు అరిచాడు.

"పెడితే మీరు మా ఊరి మొఖం సూసెటోళ్లా?" అన్నాడు సామేలు.

సారు ఫోను మోగింది. పైవాళ్లు. ఎంతమందిని కాపాడారని అడుగుతున్నారు. ఆయన గొంతు తగ్గింది. "అమ్మా, ఆ ముక్క రాసి ఫైలు ఇప్పుడే మళ్లీ పంపు. ఆ రోజులు కొలవలేదని."

"ఎందుకు కొలవలేదంటే ఏం రాయాలె సార్?"

ఆయన పొయ్యిల వైపు చూశాడు, పడవ వైపు చూశాడు. "సమ్మె అని రాయి."

"సర్కారు ఫైల్లనా?"

"ఫైల్లోనే."

"మరి మా బాపు నౌకరి?"

"ఎవరూ తియ్యరు. రాయమ్మా తల్లీ."

జావేద్ షట్టరు పూర్తిగా ఎత్తాడు. స్వప్న ముందు ముక్క రాసి, తర్వాత ఫైలు పంపి వచ్చింది. సామేలు సారు ముందు విస్తరి వేసి అన్నం, పప్పుచారు వడ్డించాడు. తన విస్తరి ఆయన పక్కనే వేసుకున్నాడు. అందరూ రోడ్డు మీద బాసిపట్లు వేసి కూర్చుని తిన్నారు.

వరద సాయం కింద ఆ రోజు జనానికి అందింది పడవ నీడ ఒక్కటే.