రాఘవేందర్ సారు చూసిన మూగ సినిమా

ఆ ఆదివారం ఉదయం రాఘవేందర్ సారు పెట్టుకున్న పని ఒక్కటే: తలుపులు మూసుకుని ఒక సినిమా చూడటం. గద్వాల నేతగాళ్ల వీధిలోని ఆ ఇంట్లో, భార్య వనజ చనిపోయినప్పటి నుంచి, ఎనిమిది నెలలుగా, టీవీ కూడా మోగలేదు. సినిమా చూడటంలో ఆమెది వేరే దారి. కొత్త సన్నివేశం రాగానే కాసేపు కళ్లు మూసుకునేది. "ముందు ఇనాలె, తర్వాత చూడాలె" అనేది. చూడాలని ఆమె రాసిపెట్టుకున్న జాబితాలో చివరిది మిగిలిపోయింది. పరభాషా చిత్రం. పేరుకు హత్య కథే గానీ, శృంగారం పాలు ఎక్కువ. పదో తరగతికి శతక పద్యాలు చెప్పే మనిషి అది చూశాడని తెలిస్తే వీధిలో తలెత్తుకోలేడు. అందుకే వీధి చప్పుడు కూడా లోపలికి రాకుండా కిటికీలకు గడియ బిగించి లాప్‌టాప్ తెరిచాడు.

బొమ్మ అద్భుతంగా ఉంది. తడిసిన అద్దంలో నీలి వెలుగు. పాలరాతి మెట్ల మీద ఒక స్త్రీ. ఆమె భుజం నుంచి జారుతున్న ఎర్రటి వస్త్రం. చప్పుడు మాత్రం లేదు. పావుగంటైనా లేదు. ఇది దర్శకుడి సాహసమని సారుకు తోచింది. మాట లేకుండా ఎంత చెప్పాడని మెచ్చుకుంటూనే, వనజ ఉంటే ఇందులో ఏం వినేదోనని దిగులుపడ్డాడు.

నిజానికి చప్పుడు లేకపోలేదు. పిల్లల్ని బడిలో చేర్చమని నిన్న ఊరంతా తిరిగిన బడిబాట ఆటో, స్పీకరు మూతి వీధి వైపు తిప్పి, ఆయన కిటికీ కిందే ఆగి ఉంది. నిన్నటి పాటలన్నీ సారు లాప్‌టాప్ నుంచే, తీగ లేకుండా బ్లూటూత్‌లో, ఆటో మీది స్పీకరుకు వెళ్లాయి. ఆటో నడిపే యోహాను స్పీకరు ఆపడం మరిచాడు. లాప్‌టాప్ స్పీకరును మరవలేదు; సినిమా చప్పుడంతా దానికే పంపింది.

వీధిలో మగ్గాలు ఆగిపోయాయి. మొదట వాన చప్పుడు. పైకి చూస్తే మబ్బు తునక లేదు. తర్వాత ఒక ఆడమనిషి బరువైన ఊపిరి. ఆ తర్వాత కత్తి దూసిన చప్పుడు.

"ఓర్నీ, ఆటోల ఎవరినో చంపుతుండ్రు!" అని మగ్గం దిగి వచ్చిన యాదయ్య కేకపెట్టాడు. నాలుగు వైపులా ఫ్లెక్సీలు కట్టిన ఆటోలోపల ఏముందో ఎవరికీ కనపడదు. చాయ్ తాగి వస్తున్న యోహాను కాలర్ ఆయన చేతికి దొరికింది.

"ఎవరిని దాసినవ్‌ర లోపల?"

"నాకేం తెల్వదన్నా! బడి పుస్తకాలు దప్ప ఏం లేవు!"

"పుస్తకాలు గిట్ల మూలుగుతయా?"

ఇంట్లో సారుకు మొదటిసారి చప్పుడు వినిపించింది. తలుపు దబదబా మోగింది. 'ఇంతసేపు చప్పుడు దాచింది దీనికోసమన్నమాట' అని మురిసిపోయాడు. "సారూ, జర తలుపు తియ్యుండ్రి! యోహానును కొడుతుండ్రు!" అన్న గొంతు ఎదురింట్లో మగ్గం నేసే కాంతమ్మది. పరభాషా చిత్రంలో ఆమె ఉండే అవకాశం లేదని సారు లేచాడు.

తలుపు తీయగానే ఆటోలోంచి ఒక నిట్టూర్పు వీధంతా పరుచుకుంది. సారుకు సంగతి తెలిసిపోయింది. వెనక్కి పోయి లాప్‌టాప్ మూసేస్తే ఎవరికీ తెలియదు. కానీ యాదయ్య పిడికిలి పైకి లేచి ఉంది.

"ఆయన్ని వదులు యాదయ్యా. అది నేను చూస్తున్న సినిమా."

అక్కడున్నవాళ్లలో సగం మందికి ఆయనే పద్యాలు నేర్పాడు. ముందుగా కాంతమ్మ గొంతు సవరించుకుంది.

"సారూ, వాన ఆగినంక ఒక బట్ట జారింది గదా. పట్టేనా?"

"పట్టులాగే ఉందమ్మా."

"లాగ గాదు, పట్టే. పాలిస్టర్ అయితే గీరినట్లు ఇనబడుతది. గా బట్ట రాతి మీద పడ్డది. రంగేంది?"

"ఎరుపు. మెట్లు పాలరాయి."

"నేను జెప్పలే!" అని కాంతమ్మ వీధి వైపు గర్వంగా చూసింది.

ఆమె విన్నది చెబుతుంటే సారు చూసినది చెప్పాడు. అలా ఆ పావుగంట సినిమా, బొమ్మా చప్పుడూ కలిసి, అప్పటికి పూర్తయింది. ఎనిమిది నెలల తర్వాత ఆయన ఒక సినిమా గురించి మరొకరితో మాట్లాడుతున్నాడు.

యాదయ్య కాలర్ వదిలాడు. "అయితే సారూ, చంపిందెవరు?"

"ఇంకా చాలా ఉంది."

"మరి నిలవడ్డరేంది? పోయి చూడుండ్రి. మేం ఇంటం."

సారు లోపలికి వెళ్లి కిటికీలు తెరిచాడు. కూర్చుని ముందు కళ్లు మూసుకున్నాడు.

మరునాడు బడిబాట ఆటో వీధిలోకి రాగానే మగ్గాలన్నీ ఆగాయి. పిల్లల్ని బడికి పంపమన్న పాట వినిపించగానే మళ్లీ మొదలయ్యాయి.