పగిలిన గొట్టం, చెక్కుచెదరని న్యాయం

ఆదివారంలోపు ఇమ్మకొలాత చేయవలసిన పనులు ఇవి: మనవరాలి జ్ఞానస్నానానికి తెల్లగౌను ఇస్త్రీ చేయాలి. వంకాయలు వేయించి, చీజు, టమాటా గుజ్జు వేసి పొరలుగా పేర్చాలి. చర్చిలో కుర్చీలు అడిగి తేవాలి. మొగుడు గయెతానో నోరు అదుపులో పెట్టాలి. అన్నిటికన్నా ముందు ఇంట్లోకి నీళ్లు రప్పించాలి.

నీళ్లు రాకపోవడంలో నగరపాలక సంస్థ నిర్లక్ష్యం ఏమాత్రం లేదని మనవి. సందులో గొట్టం పగిలిన వెంటనే మేయరు రుజ్జేరో స్పాదవెక్కియా గారు స్వయంగా వచ్చి పరిశీలించారు. ఆయన మొన్నటిదాకా నేరాలు విచారించిన మేజిస్ట్రేటు. దొంగల్ని పట్టిన చేతులే ఊరినీ బాగుచేస్తాయని మావాళ్లు ఓట్లు గుద్ది గెలిపించారు. పగిలిన వస్తువు కనబడితే మామూలు మేయర్లు అతికిస్తారు. ఈయన ఎవరు పగలగొట్టారని అడుగుతారు. అది తేలేదాకా ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ పట్టీ కట్టించి సీలు వేయిస్తారు.

అలా సీలు పడినవాటిలో చేపల బజారు చెత్తకుప్ప, వాలిపోయిన దీపస్తంభం, ఓ సిటీబస్సు కూడా ఉన్నాయి. చెత్తకుప్ప మీది పిల్లిని సాక్షిగా పరిగణిస్తున్నందున దాన్ని తరమడం నేరం. ఊరు ఇంత నిజాయితీగా ఎన్నడూ కంపు కొట్టలేదు.

గొట్టం పక్కన నిలబడి మేయరు గారు ఉపన్యసించారు. "పౌరులారా, గొట్టాన్ని ఎవడైనా అతకగలడు. సత్యాన్ని అతకలేం. నీళ్లు ఆలస్యం కావచ్చు గాని న్యాయం ఆలస్యం కారాదు."

బకెట్లు మోస్తున్నవాళ్లు వాటిని దించి మరీ చప్పట్లు కొట్టారు. ఇమ్మకొలాత ఇంకో అడుగు ముందుకేసి, జ్ఞానస్నానంలో పాపను చేతుల్లోకి తీసుకునే జ్ఞానపితగా ఉండమని ఆయన్నే అడిగింది. మావైపు జ్ఞానపిత అంటే రక్తబంధువుకన్నా ఎక్కువ. బంధువు ఇంట్లో నీళ్లు లేకపోతే చూస్తూ ఊరుకుంటాడా అని ఆమె లెక్క. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. నీళ్లు మాత్రం రాలేదు.

శనివారం మధ్యాహ్నం గొట్టం దగ్గర కాపలా ఉన్న పోలీసు భోజనానికి వెళ్లాడు. ఆ వేళకు మా ఊళ్లో చట్టం కూడా కంచం ముందు కూర్చుంటుంది. గయెతానో పాత స్కూటరు ట్యూబు కోసి గొట్టానికి బిగించి, పట్టీని మళ్లీ మర్యాదగా చుట్టేశాడు.

ఆదివారం చర్చిలో మేయరు గారు పాపను ముద్దాడారు. విందుకు ఇమ్మకొలాత ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ కుళాయి వంక చూశారు.

"నీళ్లెలా వస్తున్నాయమ్మా?"

"మన చర్చి రొక్కో స్వామి దయ, బాబూ," అంది ఇమ్మకొలాత.

అప్పటికే గయెతానో కడుపులో రెండు గ్లాసుల వైన్ ఉంది. "ఆ స్వామికి వేరే పనిలేదా? కట్టింది నేనండీ, మీ పోలీసు మింగుతుండగా. ఇవాళ్టి నుంచి మనం మనం ఒకటి, మీ దగ్గర దాపరికమేంటి?"

"అదే చిక్కు, బావగారూ. పరాయివాడైతే వినపడలేదనుకునేవాణ్ణి. బంధువుని వదిలితే లోకం ఏమంటుంది?"

మేయరు గారు వంకాయ రెండోసారి వడ్డించుకుని తిన్నాక పోలీసులకు ఫోను చేశారు.

సాక్ష్యం తారుమారు చేసినందుకు గయెతానోకు శిక్ష పడింది. ట్యూబు కోర్టుకు, నీళ్లు మళ్లీ సందులోకి పోయాయి. సాక్ష్యం చెడిపోయినందున అసలు గొట్టం పగలగొట్టినవాడి మీద విచారణ మూసేశారు. సొంతవాళ్లనూ వదలని మహానుభావుడని పత్రికలు రాశాయి. తర్వాతి ఎన్నికల్లో మా సందు ఓట్లన్నీ ఆయనకే పడ్డాయి. ఇమ్మకొలాత ఓటు కూడా. మొగుణ్ణి విడిపించమని అడగడానికి ఆమెకు మరో పెద్ద చుట్టం లేడు మరి.

జైల్లో నీళ్లు బాగా వస్తున్నాయని గయెతానో కబురు పంపాడు. మీ కుళాయి పారుతున్నంతకాలం అతనితో మీకు పనిలేదు. ఏ పెద్దమనిషి నిజాయితీకో చప్పట్లు కొట్టడానికి చేతులు లేపినప్పుడు మాత్రం, దయచేసి, ఒక్కసారి అతన్ని తలుచుకోండి.