పదిహేడో వరస

ఆ రోజు పొద్దున కోటిరత్నం వేసుకున్న పథకంలో రైలును ఆపడం అనేది లేదు. ఊలు గుడ్డను ఎనిమిదింటికల్లా కుంకుడు రసంలో జాడించాలి, పదింటికల్లా ఆరబెట్టాలి, పది గంటల ప్యాసింజరు స్టేషనులో ఆగే రెండు నిమిషాల్లో దాన్ని మూడో పెట్టె కిటికీ దగ్గర దానమ్మ టీచరుకు చూపించాలి. ఆమె ఆశలన్నీ ఆ రెండు నిమిషాల మీదే ఉన్నాయి. మూడో నిమిషం వచ్చిందా, తన గుట్టు బయటపడుతుంది.

కోటిరత్నం భర్త చంద్రశేఖరరావు కంభానికీ గిద్దలూరుకూ మధ్య ఒక చిన్న స్టేషనుకు మాస్టరు. దానమ్మ టీచరు ముప్పయ్యేళ్ళు ఆడపిల్లల బడిలో కుట్టుపనులు నేర్పి, పని విరమించి, స్టేషను వెనక పల్లెలో ఉంటూ వచ్చింది. ఇప్పుడు కొమరోలులో ఉన్న కొడుకు పేతురు దగ్గరికి వెళ్ళిపోతోంది. వారం కిందట పింఛను కాగితాల పని మీద కంభం పోయిన మనిషి, ఈ రోజు బండిలో ఇటుగానే గిద్దలూరు పోయి, అక్కడ బస్సెక్కుతుంది.

టీచరమ్మ దగ్గర ఒక సూది ఉంది. బర్రెకొమ్ముతో చేసింది, జానెడున్నర పొడవు. ఒక కొనకు కొక్కెం ఉన్న అల్లిక సూదులు మార్కాపురం అంగళ్ళలో ఎన్నయినా దొరుకుతాయి. దీనికి రెండు కొనలకూ కొక్కేలు. ఒక కొనతో ఎర్ర ఊలు పట్టి వరసంతా కుట్లు ఎత్తాలి. ఎత్తిన కుట్లన్నీ తీగ మీద పిచ్చుకల్లాగా సూది మీదే కూర్చుంటాయి. వాటిని రెండో కొనకు జరిపి, పనిని తిప్పి, ఆ కొనతో పచ్చ ఊలు పట్టి రెండేసి చొప్పున దించాలి. దించాక తిప్పకుండా ఆ పచ్చతోనే మళ్ళీ వరసంతా ఎత్తాలి. అట్లా పోగా పోగా ఒక వైపంతా ఎరుపు, ఇంకో వైపంతా ఆకుపచ్చగా ఒకే గుడ్డ తయారవుతుంది.

"ఎత్తినాక తిప్పు. దించినాక తిప్పొద్దు. విద్యంతా ఇంతే," అనేది టీచరమ్మ.

ఆ ఇంత విద్యా కోటిరత్నానికి నాలుగు నెలలు పట్టింది. మొదటి నెల రెండుసార్లూ తిప్పింది. రెండో నెల ఒక్కసారీ తిప్పలేదు. మూడో నెలలో ఎత్తుతున్నదో దించుతున్నదో తెలియక పప్పు గరిటె కూడా చేతిలో తిప్పి చూసుకునేది. టీచరమ్మ తిట్టేది కాదు. కళ్ళద్దాలు సర్దుకుని దారం కొస పట్టి లాగేది. పొద్దుటి నుంచి అల్లినదంతా మళ్ళీ ఉండ అయిపోయేది.

రంగుల సలహా కూడా ఆమెదే. "కొట్లాడుకొనే రంగులు తీసుకో రత్నమ్మా. నువ్వు తప్పు చేస్తే అవే అరిచి చెప్తాయి," అన్నది. గిద్దలూరులో వలి బాషా దుకాణంలో కోటిరత్నం ఎరుపూ ఆకుపచ్చా కొన్నది. రైల్వే క్వార్టరులో కాపురం ఉంటూ ఆ రెండు రంగులే ఎందుకు కొన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నది. కొన్నప్పుడు మాత్రం తోచలేదు.

ఒప్పందం ఇది. నేర్చుకునేదాకా సూది కోటిరత్నం దగ్గర ఉంటుంది. తప్పు లేకుండా ఒక గుడ్డ అల్లి చూపితే సూది ఆమెదే. తప్పుంటే గుడ్డతో పాటు సూదినీ కిటికీలో తిరిగి ఇచ్చేయాలి. ఇంతకు ముందు ముగ్గురు ఇచ్చేశారు.

కోటిరత్నం గుడ్డ నిన్న సాయంత్రం పూర్తయింది. మూర వెడల్పు, మూరన్నర పొడవు, నూట ఆరు వరసలు. పదిహేడో వరస అల్లుతున్న రోజు పాలు పొంగితే లేచి పోయి వచ్చి, దించాక తిప్పింది. నాలుగు కుట్ల తర్వాత తెలుసుకుని సర్దుకుంది కానీ ఆ నాలుగూ అట్లాగే ఉండిపోయాయి. ఎర్ర వైపు ఎడమ అంచు దగ్గర చిక్కుడు గింజంత పచ్చ. పచ్చ వైపు సరిగ్గా అక్కడే అంత ఎరుపు. విప్పాలంటే ఎనభై తొమ్మిది వరసలు విప్పాలి. రెండు నిమిషాల్లో, కిటికీ ఊచల మధ్య నుంచి, అరవై దాటిన కళ్ళకు చిక్కుడు గింజ కనిపించదని ఆమె ధైర్యం.

"ఏమండీ, బండి రెండు నిమిషాలే కదా ఆగేది?" అని ఉప్మా పెడుతూ అడిగింది.

"ఎప్పుడన్నా మూడు ఆగిందా?"

"ఆగకుండా చూడండి."

చంద్రశేఖరరావు ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. బండి ఇంకాసేపు ఆపమని అడిగినవాళ్ళను పన్నెండేళ్ళ సర్వీసులో ఎందరినో చూశాడు. ఇట్లా అడిగినవాళ్ళు లేరు. అర్థం కాలేదు కానీ, అర్థం కానివాటి మీద సంతకం పెట్టని మనిషి కనుక ఏ మాటా ఇవ్వకుండా డ్యూటీకి పోయాడు.

దండెం వంటింటి గోడ నుంచి పట్టాల పక్క కంచె రాయి దాకా ఉంది. తడి ఊలును తాడు మీద మడిచి వేస్తే మడత పడుతుందనీ, పై అంచును పిన్నులతో పట్టించి వేలాడదీయాలనీ టీచరమ్మ చెప్పింది. ఎండ తగులుతుందని కోటిరత్నం దాన్ని కంచె రాయి దగ్గరగా, అట్లాగే వేలాడదీసింది. అందరిలాగా మడిచి వేసి ఉంటే రెండు వైపులా ఒకే రంగు కనిపించి, గొడవ తొందరగా తేలిపోయేది. గురువు మాట వినడం వల్ల కంభం వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఎరుపు, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ళకు పచ్చ కనిపించాయి.

అరగంట ఆలస్యంగా, పదిన్నరకు బండి కూత వినిపించింది. తర్వాత ఇంకోటి, పొడుగ్గా. ఆ తర్వాత బండి రాలేదు. కోటిరత్నం వంటింటి తలుపులోంచి తొంగి చూసింది. ఇంజను పెరటికి అల్లంత దూరంలో నిలబడి పొగ వదులుతోంది. ఎందుకు నిలబడిందో ఆమెకు అంతుపట్టలేదు. సిగ్నలు చెయ్యి రమ్మన్నట్టు చక్కగా వాలే ఉంది.

అక్కడ జరిగినదంతా పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ మొహిద్దీన్ బాషా తర్వాత చెప్పగా తెలిసింది. బండి ఎందుకు ఆగిందో కనుక్కొని రమ్మని సారు పంపితే అతను పట్టాల వెంట పరుగెత్తాడు.

"ఏందన్నా, లైను ఇచ్చినాము గదా, రావేంది?" అని డ్రైవరు ఏబేలును అడిగాడు.

"చెయ్యి దించితే దించినారు. ఎదురుగా ఎర్రగుడ్డ పెట్టినారే. దాని మీదుగా రమ్మంటావా?"

"ఎర్రగుడ్డ యాడిది? గ్యాంగోళ్ళు పచ్చజెండా కట్టినారు. ఇప్పుడేగా చూసుకుంటా వచ్చినా."

"ఎనక్కి తిరిగి చూడు బాషా."

మొహిద్దీన్ వెనక్కి తిరిగి చూశాడు. ఎర్రగా ఉంది. మళ్ళీ స్టేషనుకు పరుగెత్తాడు.

"ఎర్రే సార్."

"ఎర్రేంది? అదిగో పచ్చ," అన్నాడు చంద్రశేఖరరావు. ఆ గుడ్డ నాలుగు నెలలుగా తన ఇంట్లోనే, తన భార్య ఒళ్ళోనే పెరిగింది. అయినా అది ఏ రంగో ఆయన ఎన్నడూ చూడలేదు.

మొహిద్దీన్ తల తిప్పి చూశాడు. "పచ్చే సార్."

"మరి ఎర్రంటివి?"

"ఆడ ఎర్రే సార్. ఈడ పచ్చ."

ఇక్కడ కోటిరత్నం గుడ్డను తడిమి చూసుకుంది. ఒక వైపు ఆరింది, ఇంకో వైపు ఇంకా చెమ్మగా ఉంది. బండి ఎట్లాగూ నిలబడే ఉంది కదా అని పిన్నులు తీసి, గుడ్డను తిప్పి పెట్టి, చీర మార్చుకోను లోపలికి పోయింది.

ఏబేలుకు ఎదురుగా పచ్చ కనిపించింది. దేవుడా అనుకుని కూత వేసి బండి కదిలించాడు. అదే క్షణంలో చంద్రశేఖరరావుకు ఎరుపు కనిపించింది. పన్నెండేళ్ళలో ఎన్నడూ పరుగెత్తని మనిషి ఎర్రజెండా తీసుకుని పట్టాల మధ్యకు పరుగెత్తాడు. ఏబేలు బ్రేకు వేశాడు. ఇంజను వంటింటి పక్కన, మూడో పెట్టె పెరడు చివర ఆగాయి. ప్రయాణికులు దిగి కంచె దాటి బావి దగ్గర చెంబులు వెతుక్కున్నారు. వంతెన కూలిందని ఒకరు, నల్లమల నుంచి ఎలుగొడ్డు వచ్చి పట్టాల మీద పడుకుందని ఒకరు చెప్పుకున్నారు.

బండి చివర గార్డు ఉండే బ్రేకు పెట్టెలోంచి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు రంగనాయకులు దిగాడు. ఆ బండిలో ఆయన ఉన్నట్టు చంద్రశేఖరరావుకు తెలియదు.

"ఎర్ర కనబడుతుంటే దాటి వచ్చినాడు సార్," అన్నాడు చంద్రశేఖరరావు.

"పచ్చ చూపితేనే వచ్చినా సార్. అంతకు ముందు ఎర్ర. అప్పుడు నిలబడినా," అన్నాడు ఏబేలు.

"ముందు పచ్చే. ఇప్పుడే ఎర్ర అయింది."

"మీకు పచ్చయినప్పుడు నాకు ఎర్ర, మీకు ఎర్రయినప్పుడు నాకు పచ్చ అవుతుందా?"

"నాకు రెండూ అయినాయి సార్," అన్నాడు మొహిద్దీన్.

ఇన్‌స్పెక్టరు ముగ్గురి నోళ్ళూ వాసన చూశాడు. ఉప్మా వాసన తప్ప ఏమీ తగల్లేదు. "అయితే ముగ్గురికీ కళ్ళ పరీక్ష. రంగు తెలీనోళ్ళకు రైల్వేలో పని లేదు," అన్నాడు. ఏబేలు ముఖం బొగ్గు మసిలోనూ పాలిపోయింది.

కోటిరత్నం ఉతికిన చీర కట్టుకుని, సూది చేత పట్టుకుని, గుడ్డ తీసుకుందామని పెరట్లోకి వచ్చేసరికి దండెం చుట్టూ నలుగురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ఇన్‌స్పెక్టరు ఈ వైపు చూసి ఆ వైపుకు పోయి, మళ్ళీ ఈ వైపుకు వచ్చి చూశాడు. మూడోసారి తిరిగి వచ్చాక పిన్నులు పీకి గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదెవరిది?"

"నాదేనండీ. అల్లిక నేర్చుకొంటున్నాను," అన్నది కోటిరత్నం.

"రెండు గుడ్డలు తెచ్చి వీపుకు వీపు కుట్టి, పట్టాల పక్కన వేలాడదీసి, తిప్పుతా ఉన్నారు. ఇది అల్లికంటే పైవాళ్ళు నమ్ముతారా? స్టేషను మాస్టరు ఇంట్లో దొంగ సిగ్నలు. కళ్ళ పరీక్షతో పొయ్యేది కాదు ఇది."

చంద్రశేఖరరావు భార్య వంక చూశాడు. తర్వాత గుడ్డ వంక చూశాడు. నాలుగు నెలల్లో అదే మొదటిసారి.

"ఒకటే గుడ్డండీ," అన్నది ఆమె.

"ఒకటే గుడ్డ ఒక పక్క ఎర్ర, ఒక పక్క పచ్చ ఎట్లుంటుందమ్మా? కత్తెర తీసుకురా బాషా. కోసి, రెండూ విడదీసి, పంచనామా రాస్తా."

అప్పటికి టీచరమ్మ బండి దిగి, చేతిసంచి భుజాన వేసుకుని కంచె దగ్గరికి వచ్చింది. కోటిరత్నం ఆమెను చూసింది. ఇన్‌స్పెక్టరు చేతిలోని గుడ్డను చూసింది. మొహిద్దీన్ వంటింట్లో కత్తెర వెతుకుతున్న చప్పుడు వింటోంది. రెండు నిమిషాల బండి అప్పటికే నలభై నిమిషాలుగా నిలబడి ఉంది. ఇంకో మాట లేకుండా ఊరుకుంటే కత్తెర వస్తుంది. మాట్లాడితే సూది పోతుంది.

"పదిహేడో వరస చూడండి," అన్నది.

"ఏంది?"

"కింది నుంచి పదిహేడు. ఎడమ అంచు. ఎర్రలో నాలుగు పచ్చ కుట్లు ఉంటాయి. పాలు పొంగిన రోజు తప్పు పోయింది."

ఇన్‌స్పెక్టరు గుడ్డను ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. ఉన్నాయి. కోటిరత్నం కొమ్ము సూదిని ఆ పచ్చ కుట్ల మధ్య గుచ్చి తోసింది. అది అవతల ఎర్ర కుట్ల మధ్య నుంచి బయటికి వచ్చింది. ఈ కొన ఇన్‌స్పెక్టరూ ఆ కొన ఏబేలూ పట్టుకుని, గుడ్డకు అటొకరు ఇటొకరుగా నిలబడ్డారు.

"నాకాడ పచ్చలో ఎర్ర మచ్చ సార్. సూది దాన్లో నుంచే వచ్చింది," అన్నాడు ఏబేలు.

"రెండు గుడ్డలయితే రెండింటికీ ఒకచోటే తప్పు పోతుందా అండీ?" అన్నది కోటిరత్నం. "దొంగ సిగ్నలు చేసేవాళ్ళు తప్పులు పెట్టి చేస్తారా?"

ఇన్‌స్పెక్టరు సూది కొన వదిలేశాడు. కత్తెర వద్దన్నాడు. కళ్ళ పరీక్ష వద్దన్నాడు. కానీ బండి గంటా పది నిమిషాలు ఆగింది కనుక ఎవరో ఒకరిని పట్టుకుపోవాలి, గుడ్డను పట్టుకుపోతానన్నాడు. రిజిస్టరులో ఆలస్యానికి కారణం అన్న చోట కొంతసేపు కలం ఆపి, "ఊలు" అని రాశాడు.

టీచరమ్మ సంతకాలయ్యేదాకా ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని, ఇన్‌స్పెక్టరు చేతిలోంచి గుడ్డను బడిపిల్ల చేతిలోంచి తీసుకున్నట్టే తీసుకుంది. నూట ఆరు వరసలూ రెండు వైపులా చూసింది. ఆమెను తొందరపెట్టే ధైర్యం గార్డుకు కూడా లేకపోయింది.

"రెండు నిమిషాల్లో ముసల్దానికి ఏం కనబడుతుందిలే అనుకొన్నావు," అన్నది.

"అనుకొన్నాను టీచరమ్మా."

"నేనూ అట్లే అనుకొన్నా. రెండు నిమిషాల్లో చూసేదేముంది, బాగుందని తలూపి సూది నీకిచ్చేసి పోదామని బండెక్కినా. ఏం చేసేది, గంట చూడాల్సి వచ్చింది. గంట చూసినాక ఇయ్యలేను."

కోటిరత్నం సూది చాచింది. టీచరమ్మ దాన్ని అందుకోలేదు.

"ఇది ఇచ్చేస్తే ఎట్ల సరిచేస్తావు? వరసలు విప్పి, పదిహేడోది సరిచేసి, మళ్ళీ అల్లి చూపించు. అందాకా నీకాడ ఉండనీ. ఇచ్చింది కాదు, ఎరువు. ఆ గుడ్డే సరిచేయాలి, కొత్తది ఒప్పుకోను."

గుడ్డ ఇన్‌స్పెక్టరు తోలుసంచిలో పైఆఫీసుకు పోయింది. టీచరమ్మ కొమరోలు పోయింది. సూది కోటిరత్నం దగ్గర ఉండిపోయింది.

ఏడు నెలల తర్వాత పైఆఫీసు నుంచి చంద్రశేఖరరావుకు ఒక కాగితం వచ్చింది. తాము భద్రపరచిన వస్తువుకు ముందు వైపు ఏదో, వెనక వైపు ఏదో తెలియజేస్తే ఫైలు మూసి, వస్తువును వాపసు చేయగలమని అందులో ఉంది. ఆయన వెంటనే కలం తీశాడు. కోటిరత్నం ఆ ఎరువు సూదితోనే నీలం, పసుపు ఊలు పట్టి కొత్త గుడ్డలో నలభయ్యో వరస అల్లుతూ, తల ఎత్తకుండానే అన్నది.

"తొందరేముందండీ, బాగా ఆలోచించి రాయండి."